కరివేపాకు లేని శరత్తు

ఫోటో 1. బెండపువ్వు మీద నల్లకోక సీతాకోకచిలుక. ఒక తోక ఫ్రేములోంచి బయటికి పోయింది.

ప్రెసిడెంటు దక్షిణామూర్తి గారు ఇచ్చిన తీర్పు ప్రకారం ఈ చిట్టా మొదలుపెడుతున్నాను. పేరు బోడసింగి తవిటినాయుడు. ఊరంతా తవుడు అంటారు. పని పైపుల మరమ్మతు. చదువు ఏడో తరగతి, అదీ మాస్టారు విసుగెత్తి పాస్ చేస్తే. వయసు నేను చెప్పను, జుట్టు చెబుతుంది.

నేరం: ఊరి మైకులో ప్రెసిడెంటు గారి గొంతుతో, మధ్యమధ్య ఆయన ముక్కు ఎగబీల్చడంతో సహా, "రేపు ఉదయం మూత తీయబడును, ప్రజలందరూ గొడుగులతో హాజరు కావలెను" అని చెప్పడం.

మా ఊరి మీద గాజు మూత తాతల కాలంలో బిగించారు. అప్పటినుంచీ ఊరి పేరు మూతూరే. బయటి ఎండకి గేటు ఇనుము మీద చెయ్యి పెడితే తోలు అక్కడే ఉండిపోతుంది. అయినా మనిషికి ఆశ. జనం గొడుగులతో వచ్చారు, తాతల నల్లద్దాలు పెట్టుకొని వచ్చారు. మా పక్కింటి చిట్టెప్ప అయితే నిజం ఎండలో పెట్టుకుందామని వడియాల పిండి రుబ్బుకొని మరీ వచ్చింది. మూత తెరుచుకోలేదు. పిండి పులిసింది. నాకు తీర్పు పడింది.

దాని పేరు శాంతి పని. రోజూ ఒక సీతాకోకచిలుకనో, ఒక మొక్కనో ఫోటో తీయాలి. ఏం చూశానో రాయాలి. చివర్లో దేనికి కృతజ్ఞుడినో ఒక ముక్క రాయాలి. మనసు నెమ్మదించి, నాలుక కూడా నెమ్మదిస్తుందట.

కృతజ్ఞత: కెమెరా బ్యాటరీ తొందరగా అయిపోతున్నందుకు.

ఫోటో 4. కరివేపాకు కొమ్మ. దానిమీద పక్షి రెట్ట.

ఫోటో తీశాక తెలిసింది, అది రెట్ట కాదు, పురుగు. పక్షులే లేని ఊళ్ళో పక్షి రెట్టలా వేషం కట్టడం చూస్తే నాకంటే పెద్ద కొంటెది.

మా ఆవిడ సూరీడమ్మది పురుగుల గది. వాళ్ళమ్మ నుంచి ఈవిడ చేతికి వచ్చిన పని. మూత బిగించిన రోజుల్లో ఎవరో కరివేపాకు మొక్కని లోపలికి తెస్తే, దాని ఆకుల మీద గుడ్లు కూడా తెలియకుండా వచ్చేశాయి. ఆ సంతానమే ఇప్పుడు ఊళ్ళో తిరిగే నల్లకోకలన్నీ. నల్లటి రెక్క, దాని మీద తెల్ల అంచు, ఆడవాటికైతే అడుగున ఎర్ర చుక్కలు కూడా. కట్టుకునే కోకలాగే ఉంటుందని ఆ పేరు. మూత కింద మనం స్విచ్చి వేయకుండా ఎగిరేది ఇదొక్కటే.

"రెట్టనుకున్నావేటి మావా?" అంది సూరీడమ్మ.

"నీ పెంపకం కదా. ఏది పిల్లో ఏది రెట్టో తెలీటం నేదు."

వేలితో దాన్ని తాకింది. దాని తలలోంచి రెండు ఎర్ర కొమ్ములు బయటికొచ్చాయి, కుళ్ళిన నారింజ వాసనతో. "సూసినావా, నీ మాటకి దానికి కోపమొచ్చేసినాది."

ఫోటోకి కొమ్మ పట్టుకుంది కదా, శిక్షలో భాగం కదా అని "నీకు కృతజ్ఞతలు సూరీడూ" అన్నాను. కొమ్మ వదిలేసి నా నుదురు పట్టుకొని చూసింది.

"జొరం నేదే. మరి నానేటి పరాయిదాన్నయిపోనానా?"

ప్రెసిడెంటు గారూ, మా ఇళ్ళల్లో ఆ మాటకి వాడకం లేదు. ఇంట్లో మనిషికి థాంక్స్ చెప్పామంటే లెక్క తేల్చుకొని వెళ్ళిపోతున్నామని అర్థం. మీరు ఇచ్చిన శిక్ష కాపురాలు కూల్చేలా ఉంది.

ఫోటో 7. ఊరి సభ. సీతాకోకచిలుక దొరకలేదు, ప్రెసిడెంటు గారి కండువా రెపరెపలాడుతుంటే తీశాను.

ఈ రోజు చిన్న సంగతి కాదు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మా ఊరికి ఎండా వానా గాలీ అన్నీ రుతువు గదిలోంచి వస్తాయి. మూత బిగించినప్పటినుంచీ ఆ యంత్రం ఒక్క వసంతాన్నే నడుపుతోంది. ఎప్పుడు చూసినా చిగుళ్ళు, ఎప్పుడు చూసినా మామిడి పూత. తాతలకి బాగుండి ఉంటుంది. మాకు మొహం మొత్తింది. వేరే రుతువు అడగొచ్చని యంత్రంలోనే ఉందట. కాకపోతే ఒకసారి మొదలైతే మొత్తం అయ్యేదాకా వెనక్కి తిప్పలేం. బియ్యం ఎసట్లో పడ్డట్టే.

ఏ రుతువు అడగాలి? దక్షిణామూర్తి గారు లేచి శరత్తు గురించి మాట్లాడారు. ఆయన మాట్లాడితే నాకు నిద్రొస్తుంది గానీ ఈసారి రాలేదు. వానలు వెనకబడి, ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉండి, పిండి ఆరబోసినట్టు వెన్నెల కాసే కాలమట. మూత మీద దుమ్ము కూడా పోయి చందమామ కనబడుతుందేమో అన్నారు. చందమామని మాలో ఎవరూ చూడలేదు. ముసలివాళ్ళు కూడా చూడలేదు, వాళ్ళ ముసలివాళ్ళు చెబితే విన్నారు.

"శరత్తు కావాలన్నవాళ్ళు చేతులెత్తండి" అన్నారు.

అందరూ ఎత్తారు. నేను రెండు చేతులూ ఎత్తాను. అల్లరికి కాదు. నిజంగానే కావాలనిపించింది.

కృతజ్ఞత: ఒక్క మాటతో రుతువు మారుతుందంటే, ఆ మాట మనకి తెలిసినందుకు.

ఫోటో 12. బాదం ఆకు.

దీని గురించి ఎలా రాయాలో తెలియడం లేదు.

పొద్దున్నే గాలి చల్లగా ఉంది. దుప్పటి కప్పుకొనేంత. ఊరంతా సంబరంగా బయటికొచ్చి ఒకరినొకరు "చలేస్తోందా, చలేస్తోందా" అని అడిగారు. నేను కెమెరా పట్టుకొని నీళ్ళ ట్యాంకు పక్కనున్న బాదం చెట్టు కిందికి వెళ్ళాను. పచ్చటి ఆకుల మధ్య ఒక్క ఆకు ఎర్రబడి ఉంది. ఎరుపంటే కుంకుమ ఎరుపు కాదు. అంచుల్లో పసుపు, లోపలికి పోయేకొద్దీ పండిన మిరపకాయ, ఈనెల దగ్గర ఇంకా పచ్చ. ఎవరో పొయ్యి మీద పెట్టి నెమ్మదిగా కాచినట్టుంది. దాని మీద ఒక నల్లకోక రెక్కలు విప్పి ఎండ కాచుకుంటోంది.

కెమెరాలోంచి చూస్తూ నిలబడిపోయాను. ఎంతసేపో తెలియదు. దారిన పోయేవాడెవడో "ఏరా తవుడూ, ఏటి కొత్త నాటకం?" అన్నాడు. వాడికి ఇవ్వాల్సిన జవాబు నోట్లోనే ఉంది, మంచి జవాబు, వాడి అత్తగారితో సహా కలిపి. బయటికి రాలేదు. నల్లకోక రెక్క మూసి తెరుస్తుంటే నా ఊపిరి కూడా దానితోపాటే వస్తూ పోతూ ఉంది.

నాలుక నెమ్మదిస్తుందని మీరు చెబితే నవ్వుకున్నాను. నవ్వు వాపసు తీసుకుంటున్నాను. మళ్ళీ ఇలాంటి మాట నా చేత రాయించుకోవద్దు.

కృతజ్ఞత: ఆకుకి.

ఫోటో 16. రోడ్డు మీద ఆకులు. గానుగ, వేప, పనస, అన్నీ.

బాదం ఒక్కటే కాదు. ఊళ్ళో ప్రతి చెట్టూ రాలుస్తోంది. వెన్నెల మాత్రం రాలేదు. పైన మూత ఎప్పటిలాగే మురికి పాల రంగు.

పొద్దున్న తలుపు తీస్తే వాకిట్లో ఇరవై మంది. ముందు చిట్టెప్ప, చేతిలో చీపురు.

"ఏరా, రాత్రికి రాత్రి ఊరు చెట్లన్నీ దులిపేసినావా? నీకు పనీ పాటా నేదా?"

"అప్పా, పనసచెట్టు దులిపేంత ఓపికుంటే నేనిలా ఎందుకుంటాను? నిచ్చెనెక్కితే మోకాళ్ళు పట్టేస్తన్నాయి."

"మరెవులు సేత్తారు ఇలాంటి పని? నువ్వు కాకపోతే నీ నీడ."

"రుతువు మారింది కదప్పా. అదే చేస్తోంది."

"సాల్లేరా. వడియాల పిండి కలిపినప్పుడు కూడా నీ మాటే విన్నాను." చీపురు నా కాళ్ళ దగ్గర పడేసింది. "ఊడ్సు."

వీధి మొత్తం ఊడ్చాను. నేను చేయని అల్లరికి శిక్ష పడడం ఇదే మొదటిసారి. పక్కన నిలబడి సూరీడమ్మ ఒక్కసారి కూడా నవ్వలేదు. ఆవిడ నా వైపు చూడటంలేదు. మా పెరట్లో కరివేపాకు చెట్టు వైపు చూస్తోంది. దాని కింది ఆకులు పసుపెక్కాయి.

ఫోటో 17. రుతువు గది తలుపు.

ఈ ఫోటోలో శాంతి లేదు, సీతాకోకచిలుకా లేదు. క్షమించండి.

రుతువు గది పైపులు నా చేతిమీదే ఉంటాయి కాబట్టి దక్షిణామూర్తి గారు నన్ను వెంటబెట్టుకొని వెళ్ళారు. యంత్రం తలుపు లోపలినుంచే మాట్లాడుతుంది. గొంతు మెత్తగా, పెళ్ళివారింట్లో మర్యాదలు చేసేవాడిలా ఉంటుంది.

"నమస్కారం. ప్రస్తుతం శరదృతువు సక్రమంగా నడుస్తున్నది."

"ఎక్కడ సక్రమం?" అన్నాను. "శరత్తంటే వెన్నెల. ఆకులు రాల్చమని నిన్నెవులడిగారు?"

"శరత్తు అనగా ఆకులు రాలు కాలం. పొడి గాలి, తగ్గిన వెలుతురు, ఆకు రాల్చు వాయువు సరఫరా చేయబడుచున్నవి."

దక్షిణామూర్తి గారు కండువాతో మొహం తుడుచుకున్నారు. ఆయనకి నాకంటే ముందే అర్థమైంది. ఈ యంత్రాన్ని చేసినవాళ్ళు ఎక్కడో చలిదేశం వాళ్ళు. వాళ్ళ ఆకులు రాలే కాలానికి మన భాషలో పేరేమిటని ఎవరినో అడిగి ఉంటారు. ఆ ఎవరో శరత్తు అని చెప్పి ఉంటాడు. మన దగ్గర ఆకులు రాలేది శిశిరంలో అని ఆ మహానుభావుడికి తట్టలేదు, లేదా తట్టినా పొద్దు గడిచిపోతుందిలే అనుకున్నాడు.

"మా దేశంలో ఆకులు రాలేది శిశిరంలో నాయనా" అన్నాను.

"తాము శిశిరం కోరుచున్నారా? శిశిరం అనగా మంచు కురియు కాలం. మోకాటి లోతు. సరేనని చెప్పండి, వరుసలో చేర్చెదను."

ప్రెసిడెంటు గారు చటుక్కున నా నోరు మూశారు. ఆయన చేతికి జవ్వాది వాసన.

"హేమం..." అని ఆయన ఏదో మొదలుపెట్టబోయారు. ఈసారి నేను ఆయన నోరు మూశాను.

యంత్రం ఎదురుచూస్తోంది. మాకున్నవి ఆరు మాటలు. వసంతం అన్నా ఈ శరత్తు మొత్తం అయ్యేదాకా రాదు, మిగతావాటిలో ఏది అంటే దాని చెవిలో ఏమవుతుందో తెలియదు. గ్రీష్మం అంటే బయటి ఎండని లోపలికి వదులుతుందేమో. వర్షం అంటే ఊరు మునుగుతుందేమో. ఇద్దరం వెనక్కి వెనక్కి నడుచుకుంటూ, తలుపుకి వీపు చూపించకుండా, పెద్దింటి కుక్క ముందు నడిచినట్టు బయటపడ్డాం.

"ఆపేయలేమా తవుడూ?" అన్నారు బయటికొచ్చాక. నన్ను ఆయన తవుడు అనడం అదే మొదటిసారి. ఎప్పుడూ తవిటినాయుడు అనేవారు.

"ఊపిరి కూడా ఆ గదిలోంచే కదండీ వస్తోంది."

"ఆకు మందు వచ్చే పైపు వేరుగా ఉండదూ?"

"ఒకటే పైపండి. మన ముక్కుకీ, చెట్టుకీ."

ఆయన రోడ్డు మీద ఆకుల మధ్యే కూర్చుండిపోయారు. ఆయనకి చెప్పాల్సిన మాటలు నా దగ్గర చాలా ఉన్నాయి, నెలల తరబడి దాచుకున్నవి. పక్కన కూర్చున్నాను. చివరికి ఒక్కటే చెప్పాను.

"మీ ఆవిడ హేమలత గారిని ఆ గది దగ్గర పేరు పెట్టి పిలవకండి."

నవ్వారు. ఏడుస్తారేమో అనుకున్నాను.

ఫోటో 20. పురుగుల గది గోడకి గాలి రంధ్రం. నా పాత లుంగీతో మూసింది.

నాకు తెలిసిన పని ఒక్కటే. మందు రాకుండా ఆ ఒక్క గది రంధ్రం మూసేస్తే లోపలున్న మొక్కలైనా మిగులుతాయి అనుకున్నాను. గుడ్డ కుక్కి, పైన మైనం పూసి, సూరీడమ్మని లోపల పెట్టి తలుపు వేశాను. కాసేపటికి తలుపు బాదింది. తీస్తే చెమటతో ముద్దై ఉంది.

"సచ్చిపోయేదాన్ని మావా. పురుగులు కూడా తలలేలాడేసినాయి."

లుంగీ పీకేశాను. గాలి వచ్చింది. గాలితోపాటు మందూ వచ్చింది. మొక్కని ప్లాస్టిక్ సంచీతో కప్పాను, సంచీలోనే రాల్చింది. మొక్క మొదలుకి తడిగుడ్డ చుట్టాను. కొమ్మకి ఆకుల్ని దారంతో కట్టాను కూడా. నన్ను చూసి వీధిలో పిల్లకాయలు నవ్వారు, నేనేదో ఆట కడుతున్నానని.

రాలిన ఆకుని పురుగు తినదు. నానబెట్టి పెట్టినా తినదు. ఆకు మీదికెక్కి, మూతి ఆనించి, దిగిపోతుంది.

కృతజ్ఞత గడి ఖాళీ వదిలేస్తున్నాను. జరిమానా వేస్తే వేయండి.

ఫోటో 21. అన్నం పళ్ళెం అంచున తీసి పెట్టిన కరివేపాకు రెబ్బ.

ఊళ్ళో వంటిళ్ళల్లో ఇంకా పచ్చి కరివేపాకు ఉంది. ఆకులు పసుపెక్కుతున్నాయనగానే అందరూ కోసి దాచేశారు. మనది విచిత్రమైన జాతి. అది లేకపోతే పోపు పోపే కాదంటాం, పళ్ళెంలో పడ్డాక ప్రతి ఒక్కడూ ఏరి పక్కన పెడతాడు. నేనూ పెడతాను. అందుకే ఇల్లిల్లూ తిరిగి అడగడానికి పెద్ద సిగ్గు పడలేదు.

"పురుగులకి మేత లేదండి. చచ్చిపోతున్నాయి. మీ దగ్గరున్న కరివేపాకు ఇవ్వండి."

మొదటింట్లో నవ్వారు. రెండో ఇంట్లో నవ్వి, లోపలున్నవాళ్ళని కూడా పిలిచి నా చేత మళ్ళీ చెప్పించుకొని నవ్వారు. మూడో ఇంట్లో "ఈసారి మేం పడం" అన్నారు. ఒకాయన మంచివాడు, నిజంగానే ఇచ్చాడు, ఎండబెట్టి పొడి కొట్టింది.

ఏడవడం నాకు రాదు. చిన్నప్పటినుంచీ అలవాటు తప్పింది. నిజంగా ఏడిస్తే కూడా ఎవరో చప్పట్లు కొడతారని తెలుసు. చిట్టెప్ప గుమ్మంలో చేతులు కట్టుకొని నిలబడ్డాను.

"అప్పా, నీ మీద ఒట్టు. ఇది నాటకం కాదు."

"నీ ఒట్లు నా ఇంటి సూరు నిండా ఉన్నాయిరా. పురుగుల కోసం నన్ను పోపు మానుకోమంటావేటి? రేపు సీమల కోసం పంచదార మానుకోమంటావు."

"సూరీడు అన్నం తినటం నేదప్పా."

ఒక్క క్షణం ఆగింది. నా మొహంలోకి చూసింది. తర్వాత తలుపు వేసేసింది.

ఇంటికొచ్చాను. సూరీడమ్మ పురుగుల పళ్ళేల ముందు కూర్చొని ఉంది. వంద పైచిలుకు పురుగులు ఉండేవి. రెట్ట వేషం వదిలి ఆకుపచ్చగా, వేలంత లావుగా, తల దగ్గర కళ్ళలాంటి చుక్కలతో. ఇప్పుడు ముడతలు పడి, కొన్ని ఒకదాని మీద ఒకటి. కదలని వాటిని ఒక్కొక్కటే తీసి పక్కన వరుసగా పెడుతోంది. వేలితో తాకితే కొమ్ములు విప్పడం కూడా మానేశాయి.

"కోపం కూడా రాటం నేదు మావా ఈటికి" అంది.

ఆవిడ చెయ్యి పట్టుకుందామనుకుంటే, ఆ చేతిలో పురుగు ఉంది.

ఫోటో 22. తడిగుడ్డలో చుట్టిన కరివేపాకు.

చిట్టెప్ప వచ్చింది. లోపలికి రాకుండా వాకిట్లోంచే కేకేసింది.

"ఒలే సూరీడా! ఇదిగో. బియ్యం డ్రమ్ములో అడుగున పెట్టినాను, పచ్చిగానే ఉన్నాది." నా చేతికి ఇవ్వబోయి, నన్ను చూసి వెనక్కి లాక్కుంది. "నీకు కాదురా. నీ పెల్లానికి."

"ఇప్పుడెందుకు నమ్మినావప్పా?"

"నిన్న నువ్వెల్లినాక సూసినాను. గోడ పక్కన నిలబడి ఒక్కడివే ఏదో మాటాడుకుంతన్నావు. సూసేవోల్లు ఎవులూ నేరు. సూసేవోల్లు నేకుండా నువ్వు నాటకం ఆడవు కదా."

నాలుగు రెబ్బలు. అప్పటికి తినగలిగే ఓపిక ఉన్నవి ఆరో ఏడో మిగిలాయి. ఆకు అంచున మూతి పెట్టి, పైనుంచి కిందికి, మళ్ళీ పైనుంచి కిందికి, చిన్న రంపంలా కోసుకుంటూ తిన్నాయి. చెవి దగ్గర పెడితే చప్పుడు వినబడింది. చిట్టెప్ప కూడా వంగి విన్నది.

"అన్నం తిన్నట్టే తింతన్నాయే" అంది.

కృతజ్ఞత: నాలుగు రెబ్బలకి. ఇది వెటకారం కాదు.

ఫోటో 26. మోడు కొమ్మకి వేలాడుతున్న మూడు గూళ్ళు.

మిగిలినవాటిలో మూడు గూడు కట్టాయి. ఇంకా పెరగాల్సిన వయసులో, తిండి చాలక, తొందరపడి కట్టేశాయని సూరీడమ్మ అంటోంది. నడుముకి ఒక్క దారం చుట్టుకొని, వెనక్కి వాలి ఉన్నాయి. పైపు మరమ్మతుకి స్తంభం ఎక్కినప్పుడు నేను తాడు కట్టుకొని వాలేది అచ్చం ఇలాగే.

ఊళ్ళో ఇప్పుడు ఆకు లేదు. దక్షిణామూర్తి గారు తెల్లవారితే వచ్చి మా పెరట్లో స్టూలు మీద కూర్చుంటున్నారు. చదువుకున్నాయన, పెద్ద మాట అడిగి పెద్ద తప్పు జరిగిందని కుమిలిపోతున్నారు. ఊరంతా చేతులెత్తిందని ఎంత చెప్పినా వినరు.

"ఫోటోలు చూపించు తవుడూ" అంటారు. బాదం ఆకు దగ్గరికి రాగానే ఆపమంటారు. ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చుంటాం. అది అందంగా ఉండడం మానదు కదా. చంపుతోందని తెలిసినా అందంగానే ఉంది. నాకు దాన్ని తిట్టాలో దండం పెట్టాలో తెలియడం లేదు. చూస్తున్నంతసేపూ మాత్రం లోపల గోల ఆగుతుంది.

"శిక్ష రద్దు చేశాను. ఇక రాయక్కర్లేదు" అన్నారు ఈరోజు.

"నేను మానను" అన్నాను.

ఫోటో 31. పెళ్ళి ఫోటో.

మూడూ బయటికొచ్చాయి. ఒకటి రెక్క విప్పలేక పడిపోయింది. మిగిలిన రెండూ జత. మామూలు నల్లకోకలో సగం ఉన్నాయి. ఊళ్ళో పువ్వు లేదు, తిరిగే పాత నల్లకోకలూ లేవు. సూరీడమ్మ పంచదార నీళ్ళలో దూది ముంచి పెడితే నాలుక చుట్ట విప్పి తాగాయి. కిటికీ రేకు మీద వెనక భాగాలు ఆనించుకొని, ఒకటి అటు, ఒకటి ఇటు చూస్తూ కూర్చున్నాయి. కొత్త పెళ్ళికొడుకు కూడా ఫోటోలో అలాగే ఎటో చూస్తాడు.

"నవ్వమని సెప్పు" అంది సూరీడమ్మ. చాలా రోజులకి ఆవిడ వేసిన ఎగతాళి ఇది.

కృతజ్ఞత: ఆ ఎగతాళికి.

ఫోటో 33. సూరీడమ్మ.

మగది పొద్దున్న చనిపోయింది. ఆడది గదిలోంచి పెరట్లోకి వచ్చింది. మేం ఆపలేదు. అది మోడైన కరివేపాకు చెట్టు చుట్టూ తిరిగింది. ప్రతి కొమ్మ చివరా వాలి, ముందు కాళ్ళతో టకటకా తట్టి చూసింది. ఆకు రుచి కాళ్ళతోనే తెలుసుకుంటుందట. తడుతుంది, లేస్తుంది, పక్క కొమ్మకి పోతుంది. కింద పడ్డ ఎండాకుల మీద కూడా వాలి తట్టింది. నేను కెమెరా దించేశాను. అలా తలుపు తలుపూ తట్టినవాడిని నేనూ కదా, చూడలేకపోయాను.

సూరీడమ్మ నీరుకావి చీర కట్టుకొని మెట్టు మీద కూర్చొని ఉంది. ఇన్నాళ్ళూ ఆ ఆకులు నలిపి నలిపి ఆవిడ ఒంటికీ బట్టకీ ఆ వాసన పట్టేసింది. ఎంత ఉతికినా పోదు. నల్లకోక వచ్చి ఆవిడ పైట చెంగు మీద వాలింది. కాళ్ళతో తట్టింది. ఎగరలేదు. మళ్ళీ తట్టింది. పొట్ట చివర వంచి, చీర అంచుకి ఆనించి, ఒక్క క్షణం ఆగింది.

"మావా," అంది సూరీడమ్మ పెదవులు కదపకుండా, "కదలకు. నన్ను కదపకు."

గుడ్డు పెట్టింది. ఆవగింజంత, లేత పసుపు, గుండ్రంగా. చీర అంచు మీద, దారానికీ దారానికీ మధ్య. తర్వాత లేచి, గోడ అవతలికి పోయింది. మళ్ళీ కనిపించలేదు.

ఫోటో తీశాను. బాగానే వచ్చింది. ఫోటోలో గుడ్డుంది, చీరుంది, ఆవిడ బొటనవేలి గోరుంది.

"ఎన్నాల్లకి పగుల్తాదో నీకు తెలుసు కదా" అన్నాను.

"తెలుసు."

"అప్పటికి ఆకు..."

"రాదు. ఈ శరత్తయ్యేదాకా మీ యంత్రం వసంతాన్ని రానీదు." చెంగుని రెండు చేతులతో పళ్ళెంలా పరిచి పట్టుకుంది. "పగలనీ మావా. పుట్టినాక సూద్దుం."

ఏం చూస్తాం? నాకు తెలుసు ఏం చూస్తామో. ఆవిడకి నాకంటే బాగా తెలుసు. అయినా ఆ చెంగు మడవలేదు, దులపలేదు, లేవలేదు. మధ్యాహ్నమైంది. ఆవిడ చేతులు ఖాళీ లేవు కాబట్టి నేనే చారన్నం కలిపి తెచ్చి, మెట్టు మీద పక్కన కూర్చొని ముద్దలు పెట్టాను. రెండు ముద్దలు తిన్నాక అంది.

"ఉప్పెక్కువైపోనాది."

"పోపులో వేయడానికేమీ లేదు మరి. ఉప్పుతో సరిపెట్టాను."

"ఊఁ" అని, నోరు తెరిచింది. ఇంకో ముద్ద పెట్టాను.